రాయగడలో 30 మంది పనిచేసే ప్రైవేటు ఫ్యాక్టరీ రిజర్వేషన్ పాటించాలా?

కులం ప్రాతిపదికన కోటా మీకు తప్పనిసరి కాదు. రాజ్యాంగం 16(4) అధికరణం ప్రభుత్వ కొలువుల గురించి. దివ్యాంగుల 4 శాతం కోటా కూడా ప్రభుత్వ సంస్థలకే. చాలామంది యజమానులు ఇక్కడితో ఆగిపోతారు. అది పొరపాటు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి, ఒక ప్రతిని దివ్యాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. 2017 కేంద్ర నియమాల ప్రకారం 20 మంది, అంతకు మించి ఉన్నచోట అందులో దివ్యాంగులకు తగిన పోస్టుల జాబితా, ఎంపిక పద్ధతి, శిక్షణ, ప్రత్యేక సెలవు, ర్యాంపు వంటి సదుపాయాలు ఉండాలి. దివ్యాంగుల నియామకం, సదుపాయాలు చూసుకునే లైజన్ అధికారిని నియమించాలి. వెబ్‌సైటు లేకపోతే ఈ విధానాన్ని ఆవరణలో అందరికీ కనబడేచోట అతికించాలి. రాయగడలో ఒడియాతో పాటు తెలుగులోనూ పెట్టండి, చదవలేని నోటీసు ఎవరికీ పనికిరాదు. ఎక్కడి నుంచో దించుకున్న నమూనాలో సాధారణంగా పోస్టుల జాబితా ఖాళీగా ఉంటుంది. అసలు విషయమే అది. ప్యాకింగ్, లెక్కలు, గేటు, ఇలా ఒక్కో పనికీ ఏ సామర్థ్యం కావాలో చూసి మీరే రాయాలి. 22వ సెక్షన్ కింద దివ్యాంగ ఉద్యోగుల రికార్డూ ఉంచాలి.

సరిహద్దు దాటి పార్వతీపురం నుంచి వచ్చేవారి వైకల్య ధ్రువపత్రాన్ని తోసిపుచ్చకండి. 58వ సెక్షన్ ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. కుల ధ్రువపత్రం సంగతి వేరు: వలస వచ్చిన రాష్ట్రంలో దానితో రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది.

చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆపైన 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా.