దాల్చిన చెక్క కుకీలు అప్పడాల్లా పరుచుకుపోతుంటే

గుంటూరులో ఉంటాను, స్నికర్‌డూడిల్స్, అంటే దాల్చిన చెక్క పొడి కలిపిన పంచదారలో దొర్లించి కాల్చే ఆ అమెరికా కుకీలు ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్లో మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అప్పడాల్లా పరుచుకుపోయాయి, క్రీమ్ ఆఫ్ టార్టర్ అనే పుల్లటి పొడి దొరక్క నిమ్మరసం పిండాను, అందుకేనా, అసలు గుడ్డు లేకుండా కుదురుతాయా అని అడిగారు కదండీ. నిమ్మరసం తప్పు కొంత ఉంది కానీ అసలు దొంగ అది కాదు. వెన్న.

నాకూ అచ్చం ఇలాగే అయింది. విజయవాడ సత్యనారాయణపురంలో మాది మూడో అంతస్తు, పైన డాబా తప్ప ఇంకేం లేదు, కాబట్టి మే నెలలో వంటింటి పరిస్థితి మీకు వేరే చెప్పక్కర్లేదు. మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ ఒక డబ్బా నిండా ఈ కుకీలు చేసి తెచ్చింది, పిల్లలు రెండు రోజుల్లో ఖాళీ చేసి మళ్లీ కావాలని గోల, సరేనని నేను మొదలుపెట్టాను. రెసిపీలో 'గది ఉష్ణోగ్రతకు వచ్చిన వెన్న' అని ఉంది. నేను పద్ధతిగా రెండు గంటల ముందే వెన్న బయటపెట్టాను. ఆ రాసినావిడ గది 20 డిగ్రీలు ఉంటుందేమో, నా గది 36. వెన్న 32, 35 మధ్య పూర్తిగా కరిగిపోతుంది. గిన్నెలో చూస్తే సగం నూనె, అడుగున తెల్లటి నీళ్లు. అయినా పంచదార పోసి గిలక్కొట్టి, పదహారు ఉండలు చేసి ఓవెన్లో పెట్టాను. పది నిమిషాల తర్వాత తీస్తే ట్రే మొత్తం కలిపి ఒకటే దోశ. చాకుతో ముక్కలు కోసి పెడితే పిల్లలు వదల్లేదనుకోండి, అది వేరే సంగతి.

ఎందుకలా అవుతుందంటే, గట్టిగా ఉంటూనే వేలితో నొక్కితే దిగే వెన్నలో పంచదార వేసి గిలకొడితే ఆ పలుకులు వెన్నలోకి గాలి ఎక్కిస్తాయి. వెన్న నూనె అయిపోతే గాలి పట్టి ఉంచేదేమీ ఉండదు, ఓవెన్ వేడి తగలగానే మైదా గట్టిపడేలోపే అంతా పారిపోతుంది. అందుకే నేనిప్పుడు వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలు కోసి, ఎండాకాలమైతే పది నిమిషాలు, డిసెంబర్లో అరగంట, అంతే బయట ఉంచుతాను. నొక్కితే సొట్ట పడాలి, వేలికి జిడ్డు మెరవకూడదు. మే నెలలోనైతే గిన్నె పట్టుకుని బెడ్‌రూమ్‌లో ఏసీ వేసుకుని కూర్చుని గిలకొడతాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏసీ లేకపోతే గిన్నె కింద ఐసు నీళ్ల పళ్లెం పెట్టుకోండి.

నా కొలతలు: వెన్న 115 గ్రాములు, పంచదార 150, గుడ్డు ఒకటి, మైదా 190, క్రీమ్ ఆఫ్ టార్టర్ ఒక టీ స్పూను, వంట సోడా అర టీ స్పూను. అమూల్ పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి వేరే వెయ్యను. మన పంచదార పలుకులు లావు, మిక్సీలో రెండు తిప్పులు తిప్పితే చాలు, మరీ పిండి చేసెయ్యకండి. దయచేసి కప్పులతో కొలవకండి, ఒకరు మైదా కుక్కి నింపుతారు, ఒకరు వదులుగా పోస్తారు, వంద గ్రాములకు ఇరవై గ్రాములు ఇట్టే తేడా వస్తుంది. వెన్న బదులు నెయ్యి వేద్దామా అని కూడా అనిపిస్తుంది, నేను వేసి చూశాను, నాన్‌ఖటాయిలాగా గుల్లగా వస్తుంది, బాగానే ఉంటుంది కానీ నమిలితే సాగే ఆ మెత్తదనం రాదు. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్లెక్కువ, అది వద్దు.

నిమ్మరసం సంగతి. అది సోడాను తగిలిన క్షణమే పొంగించేస్తుంది, మీరు ముద్ద కలిపి ఉండలు చేసేలోపు ఆ గ్యాసు సగం పోతుంది, పైగా ముద్దలో తడి పెరుగుతుంది. క్రీమ్ ఆఫ్ టార్టర్ కూడా పులుపే, ద్రాక్ష సారాయి తయారీలో పీపాలకు పేరుకునే ఉప్పులాంటి పొడి, కానీ చల్లటి తడిలో నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి నిమ్మరసంలా క్షణంలో పొంగించెయ్యదు. ఆ కుకీలో సన్నటి పులుపు తగులుతుంది చూశారా, అది దీనిదే. ఇక్కడ కేకు సామాన్లు అమ్మే కొట్లలో చిన్న డబ్బాల్లో ఉంటుంది, మామూలు కిరాణాలో అడిగితే తెల్లమొహం వేస్తారు. దొరక్కపోతే సోడా, అదీ రెండూ మానేసి ఒక టీ స్పూను బేకింగ్ పౌడర్ వెయ్యండి. పులుపు తగ్గుతుంది, ఆకారం మాత్రం నిలుస్తుంది.

దాల్చిన చెక్కకు సిలోన్‌దే కావాలని వీడియోల్లో చెప్తుంటారు, డబ్బులు దండగ. మన కొట్లలో దొరికే మందపాటి బెరడు ఎక్కువగా కాసియా అనే ఇంకో రకం, అమెరికాలో వాడేదీ ఎక్కువగా అదే, ఈ కుకీకి ఆ ఘాటే కావాలి. సిలోన్‌ది కాగితం పొరల్లా చుట్టుకుని ఉంటుంది, వాసన సున్నితం. పొడి ప్యాకెట్ కాకుండా చెక్కే కొనండి, నేను వన్ టౌన్‌లో వంద గ్రాములు తెచ్చుకుంటే ఎన్నో నెలలు వస్తుంది. ఒక పూట ఎండలో పెట్టి, రోట్లో నలగ్గొట్టి, అప్పుడు మిక్సీలో వేసి సన్న జల్లెడ పట్టండి, లేకపోతే నోట్లో రంపపు పొట్టులా తగులుతుంది. మూడు పెద్ద స్పూన్ల పంచదారకు రెండు టీ స్పూన్ల పొడి. మొదటిసారి కాలుస్తున్నప్పుడు కింద ఇంటి పిన్నిగారు మెట్లెక్కి వచ్చి 'ఇవాళ పలావా అమ్మాయ్' అని అడిగారు.

ముద్ద కలిపాక కనీసం గంట ఫ్రిజ్‌లో ఉండాల్సిందే, ఇక్కడ మాత్రం కక్కుర్తి పడకండి. తర్వాత 25 గ్రాముల ఉండలు చేసి, దాల్చిన చెక్క పంచదారలో దొర్లించి, దూరదూరంగా పెట్టి, ముందే పావుగంట వేడెక్కిన ఓవెన్లో 180 దగ్గర పది పదకొండు నిమిషాలు. ఓటీజీ నాబ్ మీద ఉన్న అంకెను నమ్మొద్దు, నాది 20 డిగ్రీలు ఎక్కువ చూపించేది, లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొన్నాక కానీ తెలియలేదు. అంచులు గట్టిపడి మధ్యలో ఇంకా పచ్చిగా, ఉబ్బి ఉన్నట్టు కనిపిస్తున్నప్పుడే తీసెయ్యాలి. భయపడకండి, ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేస్తే ఆ వేడికే కుదురుకుంటాయి. తర్వాత పుల్కా జాలీ మీదకు మార్చండి.

ఇంకోటి, రెండో వాయి వేడి ట్రే మీద పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి, అలా పెడితే వెన్న ఓవెన్లోకి వెళ్లకముందే కరుగుతుంది. నేను ట్రే చల్లబడాలని కొళాయి కింద పెట్టాను, మే నెలలో డాబా మీద ట్యాంకు నీళ్లు టీ పెట్టుకోవచ్చు అన్నంత వేడి, ఏం లాభం. ఫ్రిజ్ నీళ్లు పోసి తుడుచుకోవాల్సి వచ్చింది.

గుడ్డు లేకుండా కుదురుతాయి. కార్తీక మాసంలో మా ఇంట్లో గుడ్డు తేము కాబట్టి అప్పుడు గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు మూడు పెద్ద స్పూన్లు వేస్తాను. కాస్త కేకులా మెత్తగా వస్తాయి, రుచికి లోటు లేదు. ఎటొచ్చీ ముద్ద ఇంకొంచెం జారుగా ఉంటుంది, ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచండి.

అన్నీ ఒకేసారి కాల్చక్కర్లేదు కూడా. సగం ఉండలు డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేసేస్తే కావాల్సినప్పుడు ఓ ఆరు తీసి పంచదారలో దొర్లించి కాల్చుకోవచ్చు, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే. డబ్బా మీద మాత్రం ఏంటో రాసి పెట్టండి, మావారు సున్నుండలనుకుని ఒకటి నోట్లో వేసుకున్నారు.