రెండో ఏడాదిలోనే సేల్స్‌ఫోర్స్‌కి మారితే అందులోనే ఇరుక్కుపోతామా?

హైదరాబాద్ సర్వీస్ కంపెనీలో జావా మీద ఉన్నారు, సేల్స్‌ఫోర్స్ (కంపెనీలు కస్టమర్లని, అమ్మకాలని చూసుకునే క్లౌడ్ సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుకి రమ్మంటున్నారు, వెళ్తే ఇక బయటపడలేమేమోనని మీ భయం. వెళ్లొచ్చు. కాకపోతే అది అడ్మిన్ పనా, డెవలప్‌మెంటా ముందు తేల్చుకోండి. యూజర్లను చేర్చడం, పేజీ లేఅవుట్లు, రిపోర్టులు, ఇంతే అయితే వద్దు. ఎపెక్స్ (సేల్స్‌ఫోర్స్ సొంత ప్రోగ్రామింగ్ భాష) రాయనిస్తారా? బయటి సిస్టమ్‌లతో ఇంటిగ్రేషన్ ఉందా? కోడ్ గిట్‌లో ఉందా, చేంజ్ సెట్లతోనే (మార్పుల్ని సేల్స్‌ఫోర్స్ స్క్రీన్‌లోనే ఎంచుకుని చేత్తో పంపే పద్ధతి) నెట్టుకొస్తున్నారా? ఇవి మేనేజర్ని కాదు, ఇప్పుడు ఆ టీమ్‌లో ఉన్నవాళ్లని అడగండి.

ఎపెక్స్ చూడ్డానికి జావాలాగే ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఫర్ లూప్ లోపల రాసిన ఎస్‌ఓక్యూఎల్ (సేల్స్‌ఫోర్స్ డేటాని అడిగే భాష) క్వెరీతో. స్క్రీన్‌లో ఒక రికార్డు సేవ్ చేసి చూస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది. డేటా లోడర్‌తో 200 రికార్డులు ఎక్కించగానే ట్రిగర్‌కి (రికార్డు సేవ్ అయినప్పుడు దానంతటదే నడిచే కోడ్) అవన్నీ ఒకేసారి వస్తాయి, లూప్‌లో రికార్డుకో క్వెరీ నడుస్తుంది. మామూలు సింక్రనస్ ట్రాన్సాక్షన్‌కి 100 క్వెరీలే పరిమితి. 101వ దగ్గర లిమిట్ ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని ట్రై-క్యాచ్‌తో కూడా పట్టుకోలేరు, అంతా రోల్‌బ్యాక్, అంటే ఏదీ సేవ్ కాదు. ఐడీలన్నీ సెట్‌లో పోగేసి, లూప్ బయట ఒకే క్వెరీ వేసి, ఫలితాన్ని మ్యాప్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. ఇదే తప్పు హైబర్నేట్‌లో (జావాని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) చేస్తే ఆపేవాడుండడు, ఎన్ ప్లస్ వన్ క్వెరీలతో (జాబితాకి ఒకటి, అందులో ఒక్కో వరుసకీ ఇంకోటి) పేజీ నీరసంగా కదులుతుందంతే. ఎందుకలా అవుతుందో తెలుసుకున్నవాళ్లకి ఈ అనుభవం రెండుచోట్లా పనికొస్తుంది. రూల్‌గా బట్టీపడితే సేల్స్‌ఫోర్స్ దాటాక దానికి విలువ లేదు.

ప్రొడక్షన్‌కి ఎపెక్స్ పంపాలంటే కనీసం 75 శాతం కోడ్ కవరేజ్ ఉండాలి, అంటే అన్ని లైన్లని టెస్టులు నడిపించాలి. అందుకని ఒక్క అసర్ట్ (ఫలితం సరైందేనా అని చూసే లైను) కూడా లేకుండా లైన్లు నడిపించే టెస్టులు రాసే అలవాటు చాలా టీముల్లో ఉంది. మీకు అంటనివ్వకండి.

టూల్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో యాంగ్యులర్‌లో (వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) చూశాం. 2016లో యాంగ్యులర్ 2 మొత్తం తిరగరాసి వచ్చింది. పాత యాంగ్యులర్‌జేఎస్‌కి మద్దతు 2021 డిసెంబరు 31తో ఆగింది. దానికే ప్రత్యేకమైన స్కోప్, డైజెస్ట్ సైకిల్ చిట్కాలు ఎందుకూ కొరగాలేదు. జావాస్క్రిప్ట్, హెచ్‌టీటీపీ, బ్రౌజర్‌లో డీబగింగ్ మాత్రం అలాగే పనికొచ్చాయి.

అలాగని ‘ఫుల్ స్టాక్’ (స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా అన్నీ చేసే పని) పేరు చూసి ఆగిపోకండి. రెండేళ్లూ ఫారమ్‌లో ఫీల్డ్ కలపడం, దానికో కాలమ్ కలపడమే అయితే అదీ ఇరుకే, పేరు మాత్రం పెద్దది.

నిర్ణయానికి ముందు నౌకరీ.కామ్‌లో ఆ స్కిల్‌కి 2–4 ఏళ్ల ప్రకటనలు ఓ ఇరవై, 7–10 ఏళ్లవి ఇరవై తెరిచి, టూల్ పేరు కాక ఇంకేం అడుగుతున్నారో పక్కపక్కనే రాసుకోండి. రెండో పట్టికలో ఉండి మొదటిదాంట్లో లేనివే మీరు ఇప్పట్నుంచీ నేర్చుకోవాల్సినవి. జావా చేయి పోకుండా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో చిన్న స్ప్రింగ్ బూట్ సర్వీస్ ఒకటి నడుపుతుండండి. టేబుల్‌లో పది లక్షల వరుసలు పోసి, ఇండెక్స్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో, ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) చూడండి. ఏడాదిన్నర తర్వాత ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేస్తామన్న మాట మాత్రం మెయిల్‌లో తీసుకోండి, ఎందుకంటే అప్పటికి మేనేజర్ మారిపోయి ఉండొచ్చు.