అమ్మలూ, ఎర్ర పెన్ను పట్టే ముందు

అమ్మలూ,

ఇంటర్ పిల్లలకి లెక్కల ట్యూషన్ మొదలుపెడుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో అంత టెన్షన్ కూడా పట్టుకుంది, రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

బోర్డు పెద్దది కొనుక్కో. ఫీజు మొదటిరోజే చెప్పెయ్. రెండు సమీకరణాలైతే గుణకాల నిష్పత్తులు చూపిస్తే చాలు, 2ఎక్స్ + 3వై = 9, 4ఎక్స్ + 6వై = 18 ఒకే గీత అని ఇట్టే తెలిసిపోతుంది. మూడు వచ్చినప్పుడే జాగ్రత్త తల్లీ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్లిప్ టెస్ట్ పెట్టాను. జవాబు 1, 2, 3 అని ముందే అనుకుని, దానికి సరిపడేలా సమీకరణాలు అల్లుకున్నాను:

ఎక్స్ + వై + జడ్ = 6
ఎక్స్ + 2వై + 3జడ్ = 14
2ఎక్స్ + 3వై + 4జడ్ = 20

ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా నిష్పత్తులు కలవవు, ఇంకేం, సాధన ఒక్కటే అనుకున్నా. మొదటి రెండూ కూడితే మూడోది వస్తుందని చూసుకోనే లేదు. ఒకమ్మాయి 0, 4, 2 అని రాస్తే అడ్డంగా కొట్టేశాను. "సార్, మూడింట్లోనూ సరిపోతోంది" అని పేపరు పట్టుకొస్తే, ఊహించి రాయడం లెక్క చేయడం కాదని అందరి ముందూ కసిరాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నోటితోనే వేసి చూశాను. సున్నా, నాలుగు, రెండు కలిపితే ఆరు. ఎనిమిదీ ఆరూ పద్నాలుగు. పన్నెండూ ఎనిమిదీ ఇరవై. ముద్ద దిగలేదు.

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకుని మార్కులు వేశాను. కానీ ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తి ఏదీ అడగలేదు.

ఎక్స్‌ని రెండోదాంట్లోంచీ మూడోదాంట్లోంచీ తొలగిస్తే రెండుసార్లూ వై + 2జడ్ = 8 వస్తుంది, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే 0 = 0. అక్కడ పిల్లలు బెదిరిపోయి 'సాధన లేదు' అని రాసేస్తారు. మూడోది కొత్తగా ఏమీ చెప్పట్లేదని మాత్రమే దానర్థం, 0 = 5 లాంటిది వస్తేనే సాధన లేనట్టు. జడ్‌ని టి అనుకుంటే వై = 8 − 2టి, ఎక్స్ = టి − 2. టి 3 అయితే నా జవాబు, 2 అయితే ఆ పిల్లది, రెండూ నిజమే, ఏదీ పూర్తి కాదు. క్రామర్ పద్ధతిలో గుణకాల నిర్ధారకంతో భాగించాలి, అది సున్నా అని ఆగిపోతారు కాబట్టి ఇలా తొలగించడమే బాగా అలవాటు చెయ్యి.

నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అడగడానికొచ్చిన పిల్లని కసరకు బంగారం, ముందు ఆ అంకెలు పెట్టి చూడు.

మొదటి టెస్ట్ పేపర్ తయారవగానే నాకు వాట్సాప్ చెయ్యి. ఎంత రాత్రయినా పర్లేదు, కూర్చుని అన్నీ చేసి చూస్తాను.

నీ పెదనాన్న