మంచును కొలిచేది ఆయన, ఎత్తేది నేను

ప్రశ్న: మాది భీమవరం. తొమ్మిదేళ్ళుగా అమెరికాలో, మినియాపోలిస్ శివార్లలో ఉంటున్నాం. ఇద్దరమూ ఉద్యోగస్తులమే, నేను ఇంటి నుంచే పని చేస్తాను. పాపకు 8, బాబుకు 3 ఏళ్ళు. మా వారికి వాతావరణం పిచ్చి. పెరట్లో సెన్సర్లు పెట్టి, వాటి లెక్కలన్నీ చూపించే వెబ్‌సైట్ ఒకటి సొంతంగా తయారు చేసుకున్నారు. చలికాలం వస్తే సాయంత్రం అయిదున్నరకు బేస్‌మెంట్‌లోకి దిగి, అన్నానికి పిలిస్తే తప్ప పైకి రారు. సెన్సర్ ఆగిపోతే అర్ధరాత్రయినా బూట్లు తొడుక్కుని వెళ్ళి సరిచేస్తారు. పడిన మంచును అంగుళంలో పదో వంతు దాకా కొలిచి, ఆ మంచు మీదుగానే కారు తోలుకుంటూ ఆఫీసుకు వెళ్ళిపోతారు. ఎత్తిపోసేది నేను. అదేమంటే ‘చెబితే చేస్తాను కదా’ అంటారు. ఆ సైట్‌ను రోజుకు తొమ్మిది మంది చూస్తారు, అందులో ఒకరు మా మరిది. భోగి నాడు ఊళ్ళో మంట చుట్టూ చేరిన మా వాళ్ళ ఫొటోలు చూశాను. అప్పటికే బయట మంచుగడ్డలు పగలగొట్టి వచ్చి ఉన్నాను. కోపం ఆపుకోలేక ఆయన సెన్సర్ల లెక్కలు రాసుకునే పెట్టె వైరు పీకేశాను. పగటి లెక్కంతా పోయింది. ఈ ఏటికి అదే బాగా చలి పడిన రోజట. నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. అత్తగారికి చెప్పుకుంటే ‘తాగడు, తిరగడు, ఇంటిపట్టునే ఉంటాడు, ఇంకేం కావాలమ్మా’ అన్నారు. పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలోని కీలకమైన మాటను మీరు పెద్దగా పట్టించుకోకుండా దాటిపోయారు. అది వెబ్‌సైట్ గురించినది కాదు, ‘చెబితే చేస్తాను కదా’ అన్న మాట. వినడానికి అందులో తప్పేమీ కనిపించదు కనుకనే దానికి మీ దగ్గర జవాబు లేకపోయింది. చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు కిటికీలోంచి చూడాలి, ఎంత పడిందో గమనించాలి, పిల్లల బస్సు వేళకు దారి తెరుచుకుంటుందో లేదో లెక్క వేయాలి, అవతలి మనిషి విసుక్కోకుండా ఉండే సమయం కనిపెట్టి అప్పుడు నోరు విప్పాలి. ఇదంతా పనే. మీరు రాయకపోయినా, మీ ప్రాంతపు చలికాలంలో ఈ రకం పని ఎంత ఉంటుందో ఊహించగలను. పెరుగు తోడుకోదని గిన్నెను లైటు వేసిన ఓవెన్‌లో పెట్టడం, తడిసిన చేతి తొడుగులను రాత్రే వేడి గాలి వచ్చే చోట ఆరబెట్టడం, మూడేళ్ళ పిల్లవాడికి మంచు దుస్తులన్నీ తొడిగి జిప్పు లాగాక వాడు బాత్‌రూమ్ అంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం, వీటిలో ఏదీ ఎవరూ చెప్పగా మీరు చేస్తున్నవి కావు.

గమనించే గుణం మీ వారికి లేదని మాత్రం నేను ఒప్పుకోను. సెన్సర్ ఆగిపోయిందని అర్ధరాత్రి లేచి వెళ్ళే మనిషికి చెప్పేవాళ్ళు అక్కర్లేదు. ఆ పని తనదని ఆయన అనుకున్నారు కాబట్టి ఆయనకే తెలుస్తోంది. మంచు తీయడం మీ పని అనీ, తాను అప్పుడప్పుడు సాయం చేసేవాడిననీ అనుకుంటున్నారు కాబట్టి అది కనబడడం లేదు. అందుచేత మీరు అడగవలసింది సైట్ మూసేయమని కాదు, సాయం చేయమని అంతకంటే కాదు. ఇంటి బయటి మంచు పనిని చూసుకోవడంతో సహా, గుర్తుపెట్టుకోవడంతో సహా పూర్తిగా ఆయనకు అప్పగించడం మీరు చేయవలసిన పని.

అయితే అంతకంటే ముందు, వైరు పీకినందుకు మీరు ఆయనకు క్షమాపణ చెప్పాలి. తొమ్మిది మంది చూసే సైటే కావచ్చు గానీ, వాతావరణం రాసుకునేవాళ్ళకు పోయిన రోజు మళ్ళీ దొరకదు, బాగా చలి పడిన రోజయితే మరీను. ‘తప్పు చేశాను’ అని చెప్పి అక్కడితో ఆపండి. ‘కానీ మీరు మాత్రం’ అని వెంటనే మొదలుపెడితే ఆ క్షమాపణ ఖర్చయిపోతుంది. మిగతా సంగతి మరో రోజు, మంచు పడని ఒక శనివారం పగటిపూట, పిల్లలు ఆటలో ఉన్నప్పుడు మాట్లాడండి.

అప్పుడు మీ వారికి అర్థమయ్యే భాషలో, అంటే అంకెల్లో చెప్పండి. మీ కారు దారి 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉందనుకుందాం. దాని మీద 6 అంగుళాల మంచు పడితే, పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరు వస్తుందనే మామూలు లెక్క ప్రకారం, మీరు ఎత్తిపోస్తున్నది 1,100 కిలోల పైమాటే. రోడ్డు శుభ్రం చేసే ప్లౌ బండి ఇంటి దారికి అడ్డంగా వదిలి వెళ్ళే గట్టి కట్ట ఇందులో చేరలేదు. కారు చక్రాల కింద నలిగిన మంచు గడ్డకట్టి నేలకు అతుక్కుపోతుంది కనుక, ఆయన దాని మీదుగా వెళ్ళిన ప్రతిసారీ మీ పని రెట్టింపవుతోంది. భోగి నాడు మీరు పగలగొట్టింది బహుశా ఆ చక్రాల జాడలనే. ఉప్పు చల్లితే సరిపోతుంది కదా అని ఆయన అనరు, ఎందుకంటే సున్నాకు దిగువన 9 డిగ్రీల సెల్సియస్ దాటాక మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదన్నది మనకంటే ఆయనకే బాగా తెలిసి ఉంటుంది. మినియాపోలిస్ నగరంలోనైతే మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాటను శుభ్రం చేయాలన్న నిబంధన కూడా ఉంది. మీ శివారు ఊరి నిబంధన ఏమిటో కనుక్కునే పని కూడా ఆయనకే వదిలేయండి.

మంచును పక్కకు విసిరే యంత్రం, స్నో బ్లోవర్ కొందామని ఆయన అనవచ్చు. సంతోషంగా కొననివ్వండి, నడిపేది కూడా ఆయనే అయితే. పారే పట్టేటట్లయితే మాత్రం, రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి లేస్తూనే చలిలోకి వెళ్ళి బరువులెత్తడం గుండెకు మంచిది కాదు. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి తీయాలి. ఛాతీలో పట్టేసినట్లుంటే పార వదిలేసి వెంటనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.

ఇక ఆ సాయంత్రాల సంగతి. సెన్సర్లు వాటంతట అవే లెక్క రాసుకుంటాయి కదా, సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పక్కన మనిషి కూర్చోనవసరం లేదు. వంట, పిల్లల అన్నాలు, పాప చదువు, పడుకోబెట్టడం అన్నీ ఆ మూడు గంటల్లోనే పడతాయి కనుక ఆ వేళను ఇంటికి వదిలి, తొమ్మిది తరువాత ఆయన ఇష్టం వచ్చినంతసేపు బేస్‌మెంట్‌లో ఉండవచ్చని చెప్పండి. ఒకసారి ఒప్పుకున్నాక తొమ్మిదింటికి ఆయన కిందికి వెళుతుంటే మీరు నిట్టూర్చకూడదు. పొద్దున మంచు కొలిచేటప్పుడు స్కేలు పట్టుకోవడానికి పాపను కూడా తీసుకువెళ్ళమనండి. ఎనిమిదేళ్ళ పిల్లకు అది మంచి ఆట, మీకు బాబు ఒక్కడినే తయారు చేసే వెసులుబాటు.

మీ అత్తగారి మాటకు నొచ్చుకోకండి. ఆమె చూసిన కష్టాలతో పోల్చుకుని ఆమె అన్నారు, అందులో అబద్ధం లేదు. కాకపోతే తాగకపోవడం మంచు ఎత్తడానికి బదులు కాదు. ఈ విషయం ఇక ఆమె దాకా తీసుకువెళ్ళకండి.

పొద్దున లేవబుద్ధి కావడం లేదన్న మాటను మాత్రం నేను తేలికగా తీసుకోను. డిసెంబరు చివరలో మీ ఊళ్ళో సూర్యుడు 7:45 దాటాక గానీ రాడు, సాయంత్రం 4:30 దాటిన కాసేపటికే గూట్లో పడతాడు. గోదావరి జిల్లా ఎండలో పెరిగి, ఇంటి నుంచే ఉద్యోగం చేసే మనిషికి వెలుగు చాలకపోవడంలో వింత లేదు. ఇలా చలికాలంలోనే వచ్చి వసంతానికి తగ్గే దిగులును వైద్యులు 1984లోనే ఒక రుగ్మతగా గుర్తించి పేరు పెట్టారు. దీనికి లేచిన వెంటనే 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగునిచ్చే దీపం ముందు 20 నుంచి 30 నిమిషాలు కూర్చోమని చెబుతుంటారు. కానీ కంటి జబ్బు గానీ, మనసు ఉప్పొంగి మళ్ళీ కుంగిపోయే జబ్బు గానీ ఉన్నవారికి అది పడకపోవచ్చు కనుక, కొనే ముందు డాక్టరును కలవండి. మీ అలసట అంతా మీ వారి వల్లనేనా, కొంత చీకటి వల్లనా అన్నది తేలడం మీ ఇద్దరికీ అవసరమే. ఎప్పుడైనా బతకాలనిపించని ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా అలాంటి వారికోసమే ఉన్న సహాయ నంబరు 988కు ఫోన్ చేయండి. అక్కడ పగలూ రాత్రీ మాట్లాడేవాళ్ళు ఉంటారు.

ఒప్పందం కుదిరాక వచ్చే మొదటి మంచు మీకే పరీక్ష. మధ్యాహ్నం దాకా ఆయన కదలకపోవచ్చు. మీకు చేతులు ఊరుకోవు, నేనే తీసేస్తే అరగంటలో అయిపోతుందనిపిస్తుంది. పార ముట్టుకోకండి, గుర్తు కూడా చేయకండి. కారు బయటికి తీయవలసి వస్తే తాళాలు ఆయన చేతికిచ్చి నిలబడండి. ఏప్రిల్ దాకా మీ ఊళ్ళో మంచుకు కొదవ ఉండదు కనుక, మూడు నాలుగు సార్లు ఇలా గడిచాక ఏమైందో నాకు రాయండి.