గ్రోత్ ప్లేట్ దగ్గర విరిగితే చెయ్యి పొట్టిదైపోతుందా?

మీ పాపకి పదకొండేళ్లు, మణికట్టు దగ్గర గ్రోత్ ప్లేట్‌లో ఫ్రాక్చర్ అన్నారు, చెయ్యి పొట్టిదైపోతుందేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదని రాశారు కదండీ. మూడేళ్ల క్రితం మేమూ సరిగ్గా ఇదే టెన్షన్ పడ్డాం. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు, వుడా పార్కులో స్కేటింగ్ చేస్తూ ముందుకి పడి అరచెయ్యి నేలకి ఆనించాడు, అంతే.

ఎక్స్‌రే లైటుకి ఎత్తి చూస్తే మణికట్టు దగ్గర రెండు ఎముకలకీ అడ్డంగా నల్లటి గీతలు. రెండూ విరిగిపోయాయని మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది. డాక్టర్ గారు ఏమీ మాట్లాడకుండా ఎడమ చేతికి కూడా ఒకటి తీయించి పక్కన పెట్టారు. దెబ్బే తగలని ఆ చేతిలోనూ అవే గీతలు! అవి విరిగిన చోట్లు కావు, ఎముక పెరిగే పలకలు, అంటే గ్రోత్ ప్లేట్లు. అక్కడున్నది మెత్తటి మృదులాస్థి (కార్టిలేజ్), ఇంకా కాల్షియం పట్టలేదు కాబట్టి ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తుంది. అసలు దెబ్బ, ఒక ఎముకలో ఆ గీత వెంబడి వచ్చి పక్కకి చీలిన సన్నటి పగులు.

ఎముక మధ్యలో సాగదండీ. పొడవు పెరిగేదంతా చివర్లలో ఉండే ఈ పలకల దగ్గరే, లావు మాత్రం పైనున్న పొర కింద పెరుగుతుంది. పలకలో కణాలు రూపాయి బిళ్లలు పేర్చినట్టు వరసగా ఉంటాయి. కీలు వైపున్నవి కొత్తవాటిని పుట్టిస్తుంటే, రెండో వైపు ముదిరినవి ఉబ్బి, సున్నం పట్టి చనిపోతాయి, శ్లాబుకి సెంటరింగ్ కట్టినట్టు దాని మీదే ఎముక కణాలు వచ్చి కొత్త ఎముక పోస్తాయి. లేత మేక మాంసం బాగా ఉడికాక నల్లి ఎముక చివరి గుండు ఊడి చేతికొస్తుంది చూడండి, ఊడిన చోట గరుకుగా గుంతలు గుంతలుగా ఉంటుంది. పలక ఉండేది అక్కడే. ఇది తెలిశాక ఆదివారం కూరలో నేనే వెతికి మావాడికి చూపించాను.

సాల్టర్, హారిస్ అనే కెనడా సర్జన్లు 1963లో ఈ దెబ్బల్ని ఐదు రకాలు చేశారు. ఎక్కువగా వచ్చేది టైప్ 2, మావాడిదీ అదే. ఇందులో పగులు సాధారణంగా ముదిరిన కణాల వైపు నుంచి పోతుంది, కొత్తవి పుట్టించేవి మిగులుతాయి, అందుకే చాలామంది పిల్లల్లో ఎదుగుదల మామూలుగానే సాగిపోతుంది. పలక నలిగిపోయినా, దాని మధ్యలో ఎముక వంతెనలా కట్టేసినా అప్పుడు సమస్య. ముంజేతిలో బొటనవేలి వైపున్న ఎముక పొడవు పెరిగేదాంట్లో ముప్పావు వంతుకి పైగా మణికట్టు దగ్గరున్న పలక నుంచే, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు.

మా పెద్దవాళ్లు నాటు కట్టుకి తీసుకెళ్లి లాగించమన్నారు. నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోకండి. మెత్తటి పలకని మళ్లీ మళ్లీ లాగితే, అదీ వారం పది రోజులు దాటాక, ఉన్న కణాలు కూడా దెబ్బతింటాయి.

డాక్టర్ గారు వేసిన కట్టు విప్పాక నొప్పి లేదు కదా అని చెకప్ మానేయకండి. ఎదుగుదల ఆగితే అది కొన్ని నెలలకి గానీ బయటపడదు. మాకు ఆరో నెల ఎక్స్‌రేలో పలకకి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో సన్నటి తెల్ల గీత ఒకటి కనిపించింది. దెబ్బ తగిలిన రోజుల్లో ఎదుగుదల కాసేపు నెమ్మదించిన గుర్తట అది. పలకకి సమాంతరంగా జరిగిందంటే అన్ని వైపులా సమానంగా పెరుగుతున్నట్టు, ఏటవాలుగా ఉంటే ఒక పక్క పట్టేసినట్టు. మీ రిపోర్టులో ఏ టైప్ అని రాశారో ముందు చూడండి, తర్వాతి ఎక్స్‌రేలో ఈ గీత ఎలా ఉందో డాక్టర్ గారిని అడిగి చూపించుకోండి.