కళా సంస్థలో పనిచేసే అమ్మాయికి ఎంబీయే అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. బీఏ తర్వాత కూచిపూడిలో ఎంపీఏ (ప్రదర్శన కళల్లో పీజీ) చేసి, మూడేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక నృత్య, సంగీత సంస్థలో కార్యక్రమాల సమన్వయకర్తగా పనిచేస్తోంది. జీతం నెలకు 24,000 రూపాయలు, అదీ ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. ఈ మధ్య బడ్జెట్లు, స్పాన్సర్లు, గ్రాంట్ల లెక్కలు కూడా తననే చూడమంటున్నారు. వాటిలో తనకు ఏ శిక్షణా లేదు. ఉద్యోగం మాన్పించి, 12 లక్షల విద్యారుణంతో ఎంబీయే చేయిద్దామని నా ఆలోచన. తను మాత్రం కళారంగాన్ని వదలనంటోంది. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, నల్లకుంట)

జవాబు: ముందుగా మీరు అడిగినదానికి సూటిగా సమాధానం చెబుతాను. ఇప్పుడు ఉద్యోగం మాన్పించవద్దు, 12 లక్షల అప్పూ చేయవద్దు. మీ అమ్మాయికి నిర్వహణ విద్య అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. ఆ పరిజ్ఞానం లేకపోతే ఈ రంగంలో తను ఒక స్థాయి దాటి ఎదగడం కష్టమని నేనూ నమ్ముతున్నాను. అయితే ఎంబీయే పాఠ్యక్రమం చాలావరకు లాభం కోసం నడిచే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. టికెట్లు, విరాళాలు, గ్రాంట్లు, స్పాన్సర్ల సొమ్ము కలగలిసిన ఆదాయంతో, లాభం పంచుకునే వాటాదారులెవరూ లేకుండా నడిచే సంస్థ లెక్కలను ఎలా చూడాలో ఆ తరగతుల్లో చెప్పేది చాలా తక్కువ. మీ అమ్మాయి చదవవలసిన పుస్తకం ఇప్పటికే తన ఆఫీసు బీరువాలో ఫైళ్ల రూపంలో ఉంది. ఆ ఫైళ్లు అర్థమయ్యేలా చేసే చిన్న చిన్న శిక్షణలను ఉద్యోగం చేస్తూనే అందుకోవడం తనకు ఎక్కువ మేలు చేస్తుంది.

జీతం ఆలస్యమవుతోందన్న మీ బాధ నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే తను నేర్చుకోవలసిన మొదటి పాఠం అందులోనే ఉంది. ఒక నృత్యరూపక ప్రదర్శనను ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు నేను ఊహించి వేసినవి. హాలు అద్దె, కరెంటు ఛార్జీలు 45,000 రూపాయలు, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు కళాకారులు ఐదుగురికి 40,000, ఎనిమిది మంది నర్తకులకు 40,000, లైటింగ్, సౌండ్‌కు 35,000, మేకప్, దుస్తులు, ఆభరణాలకు 25,000, రిహార్సల్స్ రోజుల్లో ప్రయాణాలకు, భోజనాలకు 15,000, ప్రచారానికి 10,000. మొత్తం 2,10,000. ఒక్కొక్కటి 300 రూపాయల చొప్పున 300 టికెట్లు అమ్ముడుపోయి 90,000 వచ్చి, ఒక స్పాన్సర్ లక్ష ఇస్తే ఆదాయం 1,90,000. 20,000 లోటు వచ్చిందని కమిటీ అనుకుంటుంది, కళాభిమాని అయిన పెద్దమనిషి ఎవరో దాన్ని పూడుస్తారు, అక్కడితో ఆ ఫైలు మూసేస్తారు. కానీ ఆ ప్రదర్శన కోసం మీ అమ్మాయి నెలన్నర పనిచేసింది, ఆ జీతం 36,000. రిహార్సల్ గది అద్దె, ఆఫీసు అద్దెలో కొంత, ఆడిటర్ ఫీజులో కొంత కలిపి మరో 24,000 అనుకుంటే, ఎవరూ కాగితం మీద పెట్టని ఖర్చు 60,000 ఉంది. అంటే అసలు లోటు 80,000. ఏడాదికి ఇలాంటి ప్రదర్శనలు ఆరు చేస్తే లెక్కల్లో కనిపించే లోటు 1,20,000, నిజమైన లోటు 4,80,000. మధ్యలో ఉన్న ఆ 3,60,000 భారాన్ని చివరికి మోసేది జీతం కోసం ఎదురుచూసే సిబ్బందే.

ఈ లోటంతా నిర్వాహకుల చేతకానితనమని మాత్రం అనుకోకండి. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల ఆర్థిక స్థితిని పరిశీలించి 1966లోనే ఈ చిక్కును వివరించారు. కర్మాగారంలో కొత్త యంత్రాలు వస్తే అంతే మందితో ఎక్కువ సరుకు తయారవుతుంది కాబట్టి జీతాలు పెరిగినా ఆ సంస్థ తట్టుకోగలదు. భామాకలాపం ప్రదర్శనకు మాత్రం వెనుకటి రోజుల్లో ఎంతమంది కళాకారులు, ఎంత సాధన కావలసి వచ్చేదో ఇప్పుడూ దాదాపు అంతే కావాలి. బయటి ప్రపంచంలో జీతాలు పెరిగేకొద్దీ ఇక్కడ ఖర్చు పెరుగుతుంది గానీ ప్రదర్శనల సంఖ్య పెరగదు. టికెట్ల ఆదాయంతోనే ఖర్చులన్నీ వెళ్లదీయడం చాలా కళా సంస్థలకు సాధ్యం కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ తేడాను ముందే లెక్కగట్టి, ఎవరిని ఎంత అడగాలో సకాలంలో చెప్పగలిగే మనిషి సంస్థకు ఎంతో విలువైన మనిషి అవుతుంది. మీ అమ్మాయి అలా తయారుకావాలని నా కోరిక.

లెక్కల మాట ఎత్తితే కళ పలచబడుతుందని తను భయపడుతుంటే, మన రంగస్థల చరిత్రనే గుర్తుచేయండి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల వారు కుటుంబాలకు కుటుంబాలుగా నటిస్తూ, తెరలు కడుతూ, టికెట్లు అమ్ముకుంటూ ఊరూరా తిరిగి తరాల తరబడి నిలిచారు. నటనా, గల్లాపెట్టే ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఇక శిక్షణ క్రమం. మొదటి నాలుగు నెలలు జమాఖర్చులకే కేటాయించమనండి. అమీర్‌పేటలో సాయంత్రపు బ్యాచ్‌లో ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకోవడానికి ఉద్యోగం మానవలసిన పని లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు. అయితే అక్కడ చెప్పే ఉదాహరణలు ఎక్కువగా దుకాణాలవీ, వ్యాపార సంస్థలవీ కాబట్టి, అదే సమయంలో తన సంస్థ గత మూడేళ్ల ఆడిట్ నివేదికలను ముందు పెట్టుకుని ప్రతి పద్దు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక నిర్దిష్ట పని కోసం వచ్చిన సొమ్మునూ, సంస్థ తన ఇష్టప్రకారం వాడుకోగల సొమ్మునూ వేరుచేసి చూడడం. బ్యాంకు ఖాతాలో ఐదు లక్షలు కనిపిస్తున్నా అది పిల్లల వర్క్‌షాపుల కోసం వచ్చిన గ్రాంటు అయితే, అందులోంచి హాలు అద్దె కట్టడం తప్పు. చిన్న సంస్థలు ఇబ్బందుల్లో పడేది తరచుగా ఇక్కడే. ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అనే పన్నెండు నెలల నగదు అంచనాను తను ఎక్సెల్‌లో వేయగలిగిన రోజున మొదటి మెట్టు ఎక్కినట్టే.

రెండో మెట్టు చట్టం, పన్నులు. వీటిలో నిపుణురాలు కానక్కర్లేదు, ఆడిటర్‌ను సరైన ప్రశ్న అడగగలిగితే చాలు. తన సంస్థ సొసైటీయా, ట్రస్టా, కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద ఏర్పడిన లాభాపేక్ష లేని కంపెనీయా, ఆదాయపు పన్ను మినహాయింపు నమోదు ఉందా, దాతలకు పన్ను రాయితీనిచ్చే, అందరికీ 80జి పేరుతో పరిచయమైన గుర్తింపు ఉందా అనేవి తెలుసుకోవాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ రాయితీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికీ అది దొరకదు కాబట్టి, అలాంటి దాతను పన్ను ఆదా పేరుతో కాకుండా సంస్థ చేసే పని చూపించి అడగాలి. నృత్య, నాటక, సంగీత ప్రదర్శనల టికెట్ ధర మనిషికి 500 రూపాయలు మించకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. శాస్త్రీయ, జానపద కళల్లో కళాకారుడు ప్రదర్శనకు తీసుకునే పారితోషికం 1,50,000 దాటకపోయినా మినహాయింపే. స్పాన్సర్‌షిప్ సొమ్ముకు మాత్రం ఇవి వర్తించవు.

స్పాన్సర్‌షిప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయికి తక్షణం పనికొచ్చేది ఇదే. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద, అంటే సీఎస్‌ఆర్ కింద ఖర్చుచేయాలి. ఆ చట్టంలోని ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, వారసత్వ పరిరక్షణ, సంప్రదాయ కళల అభివృద్ధి కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ అర్హత ఉన్న కంపెనీలకు కొదవ లేదు. అయితే మన కళా సంస్థలు చాలా తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. వేదిక వెనుక బ్యానర్ మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో వేస్తామని రాసిన ఉత్తరాన్నే సీఎస్‌ఆర్ విభాగానికి పంపిస్తారు. తమ ఉత్పత్తుల ప్రచారం కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్‌ఆర్ ఖర్చుగా చూపించడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, ఆ ఉత్తరం అక్కడే ఆగిపోతుంది. ప్రచారం కోరే కంపెనీలో మార్కెటింగ్ విభాగానికి ఒక ప్రతిపాదన, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఏడాది పొడవునా నృత్యం నేర్పడం, వృద్ధ కళాకారుల బాణీలను రికార్డు చేయడం వంటి పనికి సీఎస్‌ఆర్ విభాగానికి మరొక ప్రతిపాదన, ఇలా రెండు వేర్వేరు కాగితాలు రాయడం తను నేర్చుకోవాలి. సీఎస్‌ఆర్ నిధులు తీసుకునే సంస్థ కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి, కంపెనీ తాను స్థాపించని సంస్థ ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంస్థకు అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవమూ ఉండాలి. మీ అమ్మాయి తన సంస్థలో మూడేళ్లుగా నడిపిన కార్యక్రమాల ఫొటోలు, హాజరు పట్టికలు, ఖర్చుల వివరాలు వరుసగా అమర్చితే ఆ అనుభవానికి రుజువు తన చేతిలోనే ఉన్నట్టు.

ప్రభుత్వ గ్రాంట్ల విషయంలో మెళకువ వేరు. కేంద్ర సాంస్కృతిక శాఖ కళా సంస్కృతి వికాస్ యోజన కింద ఉన్న పథకాలకు దరఖాస్తు చేయడం ఎంత ముఖ్యమో, సొమ్ము ఖర్చయ్యాక వినియోగ ధ్రువీకరణ పత్రం, అందరూ యూసీ అనేది, సకాలంలో పంపడం అంతకంటే ముఖ్యం. కొన్నేళ్ల క్రితం ఒక నాటక బృందం కార్యదర్శి నా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు. మొదటి విడత గ్రాంటుతో ఆయన ప్రదర్శన చక్కగా చేశారు, పల్లెల నుంచి వచ్చిన డప్పు కళాకారులకు గౌరవంగా చేతికి నగదు ఇచ్చి పంపారు, కానీ ఒక్కరి దగ్గరా సంతకం తీసుకోలేదు. ఆడిటర్ ఆ ఖర్చును ఒప్పుకోలేదు, రెండో విడత ఆగిపోయింది, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మిగతా ప్రదర్శనలు పూర్తిచేశారు. ఒక్క వోచర్ పుస్తకం ఆయన సంచిలో ఉండి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు.

ప్రేక్షకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ వంటి చోట్ల ఉచిత ప్రవేశంతో జరిగే కార్యక్రమాలకు అలవాటుపడిన వారి చేత టికెట్ కొనిపించడం ఒక్క ప్రకటనతో జరగదు. వచ్చిన ప్రతి ఒక్కరి అనుమతితో ఫోన్ నంబర్ రాసుకుని, తదుపరి కార్యక్రమం గురించి పేరుతో పలకరిస్తూ సందేశం పంపే పద్ధతిని ఏడాదిపాటు ఓపికగా నడిపించాలి.

శిక్షణ ఎక్కడ అంటారా? యూసుఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల సంస్థ స్వల్పకాలిక నిర్వహణ శిక్షణలకు పేరున్నది. అక్కడి కార్యక్రమాల పట్టిక చూసి ఆర్థిక నిర్వహణకు సంబంధించినది ఎంచుకోవచ్చు. మహిళా పారిశ్రామికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన వీ హబ్ కార్యక్రమాలను కూడా గమనించమనండి. రేపు సొంతంగా శిక్షణాలయం పెట్టాలనుకుంటే ఆ పరిచయాలు ఉపయోగపడతాయి. కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదికలో అకౌంటింగ్, మార్కెటింగ్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. కళా నిర్వహణకే ప్రత్యేకమైన శిక్షణ మన దేశంలో తక్కువ. రంగస్థల బృందాల కోసం ఇండియా థియేటర్ ఫోరం, జునూన్, ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థలు కలిసి 2015లో ఆరంభించిన స్మార్ట్ అనే కార్యక్రమం ఆ కొద్దివాటిలో ఒకటి. ఇలాంటి వాటి ప్రకటన ఎప్పుడు వచ్చినా దరఖాస్తు చేయాలి, ఎందుకంటే అక్కడ తనలాగే ప్రదర్శన ముందురోజు రాత్రి కుర్చీలు లెక్కపెట్టుకునే మనుషులు కలుస్తారు, ఆ పరిచయాలు పాఠాలతో సమానంగా పనికొస్తాయి.

డిగ్రీ కూడా ఉండాలని మీకు గట్టిగా ఉంటే, ఉద్యోగం చేస్తూ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గానీ, ఇగ్నోలో గానీ ఎంబీయే చదవవచ్చు. అందుకు 12 లక్షల అప్పు అవసరం రాదు. పూర్తికాలపు ఎంబీయేకు నేను ఎప్పటికీ వ్యతిరేకిని కాను. మూడు నాలుగేళ్ల తర్వాత తను పెద్ద మ్యూజియంలోనో, ఫౌండేషన్‌లోనో, సీఎస్‌ఆర్ విభాగంలోనో ఉన్నత బాధ్యతకు వెళ్లాలనుకున్నప్పుడు, నిర్వహించిన బడ్జెట్లు, తెచ్చిన నిధులు చూపించగలిగితే మంచి సంస్థలో సీటు, ఉపకారవేతనం రెండింటికీ అవకాశం మెరుగవుతుంది. ఇప్పుడు చేసే అప్పుకు మాత్రం ఆ భరోసా లేదు. 12 లక్షల రుణానికి వచ్చే నెలవారీ కిస్తీ తనను ఇష్టం లేని ఉద్యోగానికి కట్టిపడేయవచ్చు.

మిగిలింది జీతం మాట. కొత్త బాధ్యతలు నోటిమాటగా తీసుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. బడ్జెట్, గ్రాంట్లు, స్పాన్సర్ల పనిని తన హోదాలో చేర్చి ఉత్తరం ఇవ్వమని, శిక్షణ ఫీజులో సగం సంస్థ భరించాలని, వచ్చే ఆరు నెలల్లో తను తెచ్చిన నిధులను బట్టి జీతాన్ని తిరిగి నిర్ణయించాలని కార్యదర్శి గారిని మర్యాదగా, రాతపూర్వకంగా అడగమనండి. తెచ్చిన నిధుల్లో శాతం ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. గ్రాంటు సొమ్మును కమీషన్లకు వాడడం దాతల నమ్మకాన్ని దెబ్బతీస్తుంది, లెక్కల్లోనూ నిలవదు. స్థిరమైన జీతమే అడగాలి. ఆ ఉత్తరంతోపాటు, నేను పైన వేసిన లెక్క పద్ధతిలో వాళ్ల గత ప్రదర్శన అసలు ఖర్చు పట్టికను ఒక్క పేజీలో తయారుచేసి జతపరచమనండి. ఆరు నెలలు గడిచినా సంస్థ ఉలకకపోతే, అదే పట్టికను, అదే అనుభవాన్ని తీసుకుని నగరంలోని మరో సంస్థలో ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు. అప్పుడు మళ్లీ నాకు రాయండి, దరఖాస్తు ఎలా ఉండాలో చెబుతాను.