2021 బర్గండీలన్నీ పుల్లగానే అనిపిస్తే

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు 2021 రెడ్ వైన్లు ఆరు తెరిస్తే అన్నీ పలచగా, పుల్లగా ఉన్నాయి, డబ్బు వృథా అయిందా అని అడిగారు. తొందరపడి తీర్పు ఇవ్వకండి. ఆ ఏడాది స్వభావమే అది. ఏప్రిల్‌లో గడ్డకట్టే చలి లేత చిగుళ్లను మాడ్చేసింది. ముందుగా చిగురించే షార్డొనే (తెల్ల వైన్ ద్రాక్ష) బాగా దెబ్బతింది, పినో న్వార్ (ఈ రెడ్ వైన్ల ద్రాక్ష) కొంత తట్టుకుంది. ఆపైన వానలు, బూజు తెగులు. 2018, 2020ల ఎండ పండించిన నిండుదనం ఇందులో వెతకకూడదు.

ముందు వేడి సంగతి చూడండి. మరీ చల్లగా తాగితే పండు వాసన ముడుచుకుపోయి వగరు, పులుపే మిగులుతాయి. 15-16 డిగ్రీలు బాగుంటుంది.

తర్వాత తాగే వరస. పొమ్మార్ ఊరి వైన్ ముందు తాగి వోల్నే ఊరిది తాగితే వోల్నే నీళ్లలా అనిపిస్తుంది, పాపం. రెండూ పక్కపక్క ఊళ్లే, కానీ పొమ్మార్ సాధారణంగా గట్టిగా, వగరుగా ఉంటుంది. అందుకే తేలికగా ఉండే వోల్నే, షాంబోల్-మ్యూజిన్యీ ఊళ్ల వైన్లు ముందు. గట్టిగా ఉండే జెవ్రే-షాంబెర్తాన్, పొమ్మార్ ఊళ్లవి చివర. పేరు కనబడకుండా సీసాలకు కాగితం చుట్టి, అన్నిటికీ ఒకే రకం గ్లాసు వాడండి. ఏడాది ఒకటే కాబట్టి తేడా కనిపిస్తే అది ఊరిది, నేలది, లేదా తయారుచేసినవారిది. ఒకే ఏడాది వైన్లు తాగడంలో అసలు ఆనందం నాకు అదే!

మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో రాసుకోండి, గంట తర్వాత మళ్లీ తాగి చూడండి. అప్పటికీ పండు రుచి పైకి రాని సీసానే పక్కన పెట్టండి.